రెండు మిషన్ల గాలి

బొమ్మన్న మిషను ముందు మొరిగితే నా మిషను వెనక మొరిగేది. కరెంటు వచ్చే గడియకు ఇద్దరమూ ఎవరి స్టార్టరు కాడ వాళ్లం నిలబడి ఉండేవాళ్లం. ఎవరు ముందు ఒత్తితే వాళ్ల బోరుకు నీళ్లు. రెండోవానికి గాలి.

సబ్మర్సిబుల్ మోటర్లు మా పక్కకు ఇంకా రాని కాలం అది. బోరు ఉండే రైతు గాలి మిషను పెట్టుకునేవాడు, కంప్రెసరు. అది నీళ్లు తోడేది కాదు, గాలి నూకేది. సన్న పైపులో గాలి బోరు అడుక్కు పోతాది. ఆడినుంచి బుడగలు కట్టుకొని, నీళ్లను ఈపున మోసుకొని, లావు పైపులో పైకి వస్తాది. ధారగా రావు నీళ్లు. కక్కినట్టు వస్తాయి. ఒక కక్కు నీళ్లు, ఒక కక్కు గాలి. మంచి కాలంలో నీళ్ల కక్కు పెద్దది, చెడ్డ కాలంలో గాలి కక్కు పెద్దది. ఆ యేడు అంతా గాలే.

బొమ్మన్న నాకు బావ. నా పెండ్లాము నల్లమ్మకు తోడబుట్టిన అన్న. బొమ్మన్న చేనూ నా చేనూ ఒకే గెనిమకు, ఒకే గట్టుకు, ఆ పక్కా ఈ పక్కా. నేను బోరు ఏయించిన మరుసటేడే ఆయప్ప గెనిమకు ఆనిచ్చి, నాకంటే లోతుకు, తన బోరు ఏయించినాడు. ఒకే జల. పైన నేను తాగతా ఉంటే కిందినుంచి ఆయప్ప పీల్చినాడు. పంచాయితీ అయ్యింది. మాట మీద మాట లేచి, ఇద్దరమూ పోయి గంగమ్మ గుడికాడ దీపం ఆర్పినాము.

దీపం ఆర్పేదంటే చిన్న సంగతి కాదు. అమ్మ ముందర రెండు దీపాలు పెడతారు. ఎవరిది వాళ్లు నోటితో ఊది ఆర్పల్ల. ఆర్పినాక ఆ ఇద్దరికీ ఈ జన్మకు మాటల్లేవు. ఎవడు ముందు నోరు తెరిచి పిలిస్తే వాడు మాట తప్పినట్టు. తప్పినోడు పదిమంది ముందర వచ్చి తన దీపం తానే ముట్టించల్ల. మా పక్క మొగోనికి అది చెప్పుదెబ్బ కంటే ఎక్కువ.

మాటల్లేవంటే తిట్లు లేవని కాదు. ఆయప్పకు ఒంటికొమ్ము ఎద్దు ఒకటి ఉండె. నాకు ఒక కుక్క ఉండె. ఆయప్ప ఎద్దుతో మాట్లాడేవాడు. నేను కుక్కతో మాట్లాడేవాణ్ణి.

"ఏమప్పా ఎద్దా," అనేవాడు గెనిమకు ఆ పక్క నిలబడి, నాకు ఇనపడేట్లు. "ఆ పక్కోని మిషను దగ్గుతాంది ఇన్యావా? క్షయ పట్టినట్టుండాది. పావగడ ఆసుపత్రికి తోలకపొమ్మని చెప్పు."

"రేయ్," అనేవాణ్ణి నేను కుక్కతో. "ఎదుటోని నీళ్లు దొంగిలించేవానికి లోతు కావల్ల. మనకెందుకురా లోతు."

నల్లమ్మ కలుపు తీస్తానే, తల ఎత్తకుండా, "నోరు లేని జీవాలు, ఏమి పాపం చేసినాయో" అనేది.

నాకు కడుపుమంట ఇంకొకటి ఉండె. ఆయప్ప పెండ్లాము చచ్చిపోయి శానా ఏండ్లాయె. నల్లమ్మ పొద్దున్నే నా ఇంట్లో సంగటి గెలికి, ఒక ముద్ద ఆకులో చుట్టుకొని, గెనిమ దాటి పోయి వాళ్లన్నకు ఇచ్చి వచ్చేది. వద్దని చెప్పినాను. కోప్పడినాను. ఒకదినం ఆకు గుంజి పారేసినాను. ఇంకొక ఆకు తెచ్చి ఇంకొక ముద్ద చుట్టింది.

"నువ్వు దీపం ఆర్పినావు," అనె. "నేను ఆర్పలేదు."

ఆ యేడు ఆరుద్రలో ఒక వాన పడె. అందరూ చెనిక్కాయ ఇత్తనం ఏసినారు. ఆమీద ఒక తుంపర. అంతే. మఖ పోయె, పుబ్బ వచ్చె, మోడం వస్తాది, మా రాష్ట్రం దాటి ఆంధ్ర పక్కకు పోతాది. పైరు పూత ఇడిచి ఊడలు దించే పొద్దు. చెనిక్కాయ పూత పైన, కాయ కింద. ఊడ నేలలోకి దిగితేనే కాయ. నేల చూస్తే ఇనుము. ఊడలు వచ్చి నేలను ముట్టి, ఆడనే మాడిపోతాండాయి. ఊడ దిగేదానికి ఒక తడి, కాయ ఊరేదానికి ఇంకొక తడి. అంతకంటే ఎక్కువ మేము అడగలేదు. ఆ రెండు తడులు లేకుంటే కట్టె పీకి గొర్ల ముందర ఏసేదే.

పావగడ నుంచి మిషన్లు బాగుచేసే ఈరయ్యను పిలిపించినాను. దారానికి రాయి కట్టి నా బోర్లోకి వదిలినాడు. గుంజినాడు. తడిసిన మేర చూసి నోట్లో బీడీ తీసినాడు.

"మారెప్పా, నీ పైపు నీళ్లను ముట్టుకుంటాంది. మునగలేదు. మునగని పైపులో ఎంత గాలి నూకినా గాలే వస్తాది."

"అట్లయితే కిందికి దించు."

"యాడికి దించేది? అడుగు బండ తగిలింది. నీ బోరు అయిపాయె." గెనిమ ఆ పక్కకు చూసినాడు. "ఆడ లోతుండాది. పైపులు చాలవు. ఆయప్పవీ నీవీ ఒకటి చేసి దించితే నీళ్లల్లో మునుగుతాయి. అయితే అంత అడుగునుంచి ఎత్తల్లంటే ఒక మిషను గాలి చాలదు. రెండూ కట్టల్ల."

"కట్టల్లంటే?"

"నీ మిషను గాలీ, ఆయప్ప మిషను గాలీ, ఒకే పైపులో."

"కుక్కనూ నక్కనూ ఒకే కాడికి కట్టమంటావు."

"కుక్క ఎవరో నక్క ఎవరో నాకు తెలీదప్పా. మీ ఇద్దరి పైరూ ఎండతాంది. అది తెలుసు." బీడీ పారేసి మోపెడ్డు ఎక్కినాడు. "ఒప్పుకుంటే పిలువు. ఒప్పుకోకుంటే గొర్లోళ్లను పిలువు."

ఇంటికి పోయి కూర్చుంటి. నల్లమ్మ ముద్ద పెట్టింది.

"పైపులు ఊడదీయించు," అనె.

"నా పైపులు పోయి వాని బోర్లో పడల్నా?"

"మా అన్న పైపులూ ఆ బోర్లోనే ఉండాయి గదా."

"వాడు ఒప్పుకోవల్ల గదా."

"అడిగినా. ఒప్పుకున్నాడు."

"ఏమన్నాడు?"

నల్లమ్మ దాచే మనిషి కాదు. "'నన్ను దొంగ అన్నోడు నా బోరు కాడికి పైపు మోసుకొని వస్తాడు గదా, రానీ, చూస్తా' అన్నాడు."

ముద్ద ఇడిచి లేచినాను. చేను కాడికి పోయినాను. ఒక చెట్టు పీకి చూసినాను. ఊడల కొనలు నల్లగా ఉండాయి, కాలిన ఒత్తుల మాదిరి. మర్నాడు ఈరయ్యకు కబురు పంపినాను.

మూడు వాసాలు నాటి, గొలుసు ఏసి, పైపులన్నీ పైకి గుంజినాము. ఒక్కొక్క పైపు ముందర కొన నా భుజాన, వెనక కొన నల్లమ్మ భుజాన. గెనిమ దాటినాము. బొమ్మన్న తన షెడ్డు ముందర మంచం ఏసుకొని కూర్చోని ఉండాడు. లేవలేదు.

"ఎద్దా, చూసినావా," అన్నాడు. "గంగమ్మ ఉండాది."

నేను పైపు దించినాను. కుక్కను పిలవలేదు. పైపు మోసేవానికి ఊపిరి చాలదు.

ఈరయ్య పైపులన్నీ బిగించి ఆ బోర్లోకి దించినాడు. నా షెడ్డు నుంచి ఒక ఇనుప పైపు గెనిమ మీదగా, ఆయప్ప షెడ్డు నుంచి ఇంకొకటి, రెండూ బోరు కాడ ఒక మూడు నోర్ల ముక్కలో కలిపినాడు. ఒకరి గాలి ఒకరి మిషన్లోకి ఎదురు తన్నకుండా పక్కకొక వాల్వు బిగించినాడు. చేతులు తుడుచుకొని మా ఇద్దరి నడుమ నిలబడె.

"ఇనండి. రెండు మిషన్లూ ఒక్కసారి తిరగల్ల. ఒకటి ముందు తిరిగితే దాని గాలి పైపంతా నిండుకుంటాది. రెండోది ఆ బరువుకు తిరగలేదు. మోటరు మూలుగుతాది, ఆమీద కాలతాది. కాబట్టి ఒకరికొకరు అరిచి చెప్పుకొని ఒత్తండి."

నేను బోరు పక్క చూసినాను. బొమ్మన్న ఎద్దు పక్క చూసినాడు. ఈరయ్యకు దీపం సంగతి అప్పుడు గ్యాపకం వచ్చె.

"థూ, మీ ఇద్దరి," అని తల గోక్కున్నాడు.

"నేను గెనిమ మీద నిలబడతా," అనె నల్లమ్మ. "రెండు షెడ్లకూ కనపడతా. చెయ్యి పైకెత్తితే ఇద్దరూ స్టార్టరు పట్టుకోండి. దించితే ఒత్తండి."

మర్నాడు కరెంటు రాంగానే అట్లే చేసినాము. ఆమె చెయ్యి దిగె. రెండు మిషన్లూ ఒక్కసారి అందుకున్నాయి. అవి రెండూ పోటీ లేకుండా తిరగంగా నేను ఇనడం అదే మొదలు. బోరు కాడికి పోయినాను. పైపు వేడెక్కతాంది. ఏమీ లేదు. ఆమీద బోరు లోపల కడుపులో గుడగుడ అన్నట్టాయె. ఒక కక్కు ఎర్రమన్ను. ఇంకొక కక్కు ఎర్రమన్ను. ఆమీద మనిషి తొడంత లావున, తెల్లగా, నురుగు కక్కుతా నీళ్లు వచ్చి పడె. మళ్లా పడె. గాలి కక్కు చిన్నది, నీళ్ల కక్కు పెద్దది.

బొమ్మన్న వచ్చి కాలవ ఆ పక్క నిలబడె. ఇద్దరి కాళ్లూ తడిసినాయి. ఆయప్ప ఒక దోసిలి పట్టి తాగినాడు. నేను ఆయప్ప పోయినాక తాగినాను.

వంతులు పెట్టుకున్నాము. పెట్టింది నల్లమ్మే. కరెంటు వచ్చినప్పటినుంచి నెత్తిన పొద్దు దాకా ఒకరికి, ఆమీద కరెంటు పోయేదాకా ఇంకొకరికి. ఒకదినం నేను ముందు, మర్నాడు ఆయప్ప ముందు. వంతు ఎవరిదైనా రెండు మిషన్లూ తిరగల్ల.

మొదటి దినాలు బాగనే ఉండె. ఆమీద ఒక పొద్దు నా వంతులో మడి ముందర కూర్చుంటే నీళ్లు మేక ఉచ్చ పోసినట్టు వస్తాండాయి. లేచి చూసినాను. నా మిషను తిరుగుతాంది. ఆయప్ప మిషనూ తిరుగుతాంది. బెల్టు తిరుగుతాంది, చక్రం తిరుగుతాంది, నీళ్లు లేవు. నెత్తిన పొద్దాయె, నీళ్లు ఆయప్ప మడికి తిప్పినాము. తిప్పిన గడియకే తొడ లావు.

గెనిమ మీదికి పోయినాను.

"రేయ్ కుక్కా," అన్నాను. "మన వంతు రాంగానే కొందరి మిషను ఊపిరి బిగబట్టుకుంటాది. ఎందుకురా?"

బొమ్మన్న పార భుజాన పెట్టుకొని వచ్చినాడు. "ఎద్దా, ముసలి మిషనును కట్టుకుంటే ఇంతే. వంతు వానిది, గాలి మనది."

"దొంగ బుద్ధి పుట్టుకతో వస్తాది, పుడకలతో పోతాది."

"పైపు మోసుకొని అడుక్కతినేదానికి వచ్చినోడు కూడా మాట్లాడతాన్యాడు చూడు ఎద్దా."

నేనూ పార ఎత్తినాను. నల్లమ్మ గంపెడు గడ్డి నెత్తిన పెట్టుకొని వస్తా ఉండె. నిలబడలేదు, పరిగెత్తలేదు. మా ఇద్దరి నడుమ నుంచి గంపతో సహా నడిచిపాయె. ఆ గంప దాటేపాటికి పారలు దిగినాయి.

గాలి మిషనుకు పొట్ట కింద ఒక ట్యాంకు ఉంటాది. దాని అడుగున చిన్న కొళాయి. లోపల ఊరిన తేమ వదిలేదానికి. ఆ కొళాయి ఒక రవ్వ తిప్పి పెడితే చాలు, మిషను తిరుగుతానే ఉంటాది, గాలి మాత్రం నేలపాలు. మిషను మోతలో బుస్సుమన్న సద్దు కూడా ఇనపడదు. ఆయప్ప వంతులో నేను తిప్పినాను. నా వంతులో ఆయప్ప తిప్పినాడు. ఎవరు ముందు తిప్పినారంటే నేను ఆయప్పను అంటాను. ఆయప్ప ఉండుంటే నన్ను అనేవాడు. ఇద్దరి చేన్లోనూ నీళ్లు సగానికి వచ్చె. ఊడలు సగం దిగె, సగం మాడె.

పట్టింది నల్లమ్మ. నా షెడ్డులో కసువు నూకతా ట్యాంకు కింద చూసింది. దుమ్ము లేచిపోయి, బోర్లించిన టెంకాయ చిప్పంత గుంత పడి, అడుగు తడిగా ఉండె. పరక ఆడనే ఏసి గెనిమ దాటింది. వాళ్లన్న షెడ్డులోకి పాయె. తిరిగి వచ్చింది. పానా తీసుకుంది. కరెంటు పోయే పొద్దుకు గెనిమ మీద నిలబడి ఇద్దరినీ పిలిచింది. ఆమె చేతిలో రెండు కొళాయిల పిడులు ఉండాయి.

"ఇద్దరి కాడా ఒకటే గుంత," అనె. "అన్న కాడ రవ్వ పెద్దది. అది వాని నేల మెత్తగా ఉండేదానికి. మీ ఇద్దరిలో మంచోడు ఎవరో గుంత చెప్పదు."

"మ్మే నల్లమ్మా, నేను కాదు, వీడే ముందు," అన్నాడు బొమ్మన్న.

"అడిగినానా?"

పిడులు రెండూ కొంగున ముడేసుకుంది.

"రేపటినుంచి నేను ఈడ నిలబడను. చెయ్యి ఎత్తను. ఒత్తల్లంటే మీ నోటితో మీరు చెప్పుకోండి. చెప్పుకోలేకుంటే పైరును చూస్తా కూర్చోండి. నేనూ కూర్చుంటా."

మర్నాడు కరెంటు వచ్చె. నా స్టార్టరు కాడ నేను, ఆయప్ప స్టార్టరు కాడ ఆయప్ప. నడుమ గెనిమ ఖాళీ. నల్లమ్మ తంగేడు పొద కాడ మాకు ఈపు తిప్పి కూర్చోని ఉండాది. ఎండ ఎక్కె. చెనిక్కాయ ఆకులు ముడుచుకున్నాయి. కరెంటు మీటరు కాడ లైటు ఎలగతానే ఉండాది, ఊరికే. ఆ షెడ్డులో ఆయప్ప పంచ కనపడతాంది నాకు, నడుము కింది నుంచి. కదల్లేదు. ఒకరి పేరు ఒకరు పిలిస్తే అయిపోయేది. నా నాలిక మీదికి వచ్చిన పేరు ఆడనే ఎండిపాయె.

నా చేతిలో పానా ఉండె. ఎందుకు కొట్టినానో తెలీదు, కోపానికే అనుకుంటా, పైపు మీద ఒక ఏటు ఏసినాను. టంగ్ మనె. ఆ సద్దు పైపు ఎంబడి గెనిమ దాటి, బోరు కాడ తిరిగి, ఆయప్ప షెడ్డు దాకా పాయె. ఆమీద ఆ పక్కనుంచి, టంగ్.

స్టార్టరు పట్టుకున్నాను. ఇంకొక ఏటు ఏసి ఒత్తినాను. ఆయప్పా ఒత్తినాడు. రెండు మిషన్లూ ఒక్కసారి అందుకున్నాయి.

నల్లమ్మ లేచి నిలబడి చూసింది. నీళ్లు వస్తాండాయి. ఆమె మొగంలో సంతోషం లేదు.

"నోరు సంగటికేనా మీకు," అనె. "ఇనుమును పిలిచినారు గాని మనిషిని పిలవలేదే."

ఆ తడి అట్లే పారింది. ఒత్తేదానికి ఒక ఏటు, ఆపేదానికి రెండు ఏట్లు. పిడులు లేవు గాబట్టి కొళాయిలు తిరగలేదు. నీళ్లు ఇద్దరికీ సమంగా వచ్చె. ఊడలు దిగినాయి. ఊర్లో జనం నవ్వేవాళ్లు, "మారెప్పా బొమ్మన్నా బడి గంట కొట్టుకుంటాండారు" అని. నవ్వనీ. మూడో తరగతిలో నేను బడి ఇడిచిపెట్టినాను. గంట మాత్రం బాగా కొడతాను.

రెండో తడి ఉత్తరలో పెట్టినాము. కాయ ఊరే పొద్దు. గాలి బాగా ఇసురుతాంది, దుమ్ము. ఆ దినం నా వంతు. కాలవ ఆయప్ప పక్క తెగిందని పార తీసుకొని గెనిమ దాటి పోతాంటిని. ఆయప్ప షెడ్డుకు తలుపు లేదు. లోపల బెల్టు జారతాంది, కీచుమంటాంది. బొమ్మన్న వంగి, తిరిగే బెల్టుకు బంక పూస్తాన్యాడు. నా వంతులో ఆయప్ప బెల్టు జారితే నష్టం నాకే. అయినా పూస్తాన్యాడు.

మెడ చుట్టూ టవాలు ఉండాది. దాని కొన గాలికి లేచి లేచి బెల్టు కాడికి పోయి వస్తాంది.

పైపు నా కాలి కాడనే ఉండాది. పార ఎత్తి కొట్టొచ్చు. ఆ మోతలో ఆయప్పకు ఇనపడదు. ఇనపడినా పైపు ఏమి చెప్తాది? ఒత్తు, ఆపు. దానికి వచ్చిన మాటలు అవే. టవాలు కొన ఇంకొకసారి లేచె.

"బొమ్మన్నా!"

ఆయప్ప ఉలిక్కిపడి నిటారుగా లేచి, నా పక్క తిరిగినాడు. తిరగతానే టవాలు మెడమీదనుంచి సర్రున జారి బెల్టులోకి పాయె. మనిషి పోలేదు. బెల్టు చక్రం ఇడిచి లేచి రేకుకు తగిలి కింద పడె. మోటరు ఒట్టిగా తిరుగుతాంది. ఆయప్ప చేత్తో స్టార్టరు ఎతికి ఆపినాడు.

మెడ పక్కన ఎర్రగా గీత. దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. నన్ను చూసినాడు. నేనూ చూసినాను. ఆయప్ప నోరు కొంచెం తెరిచి ఉండె, ఊపిరికి.

నేను పార తీసుకొని నా షెడ్డుకు పోయి నా మిషను ఆపినాను. కూర్చున్నాను. టవాలు పీలికలు గుంజి, బెల్టు ఎక్కించేదానికి ఎంతసేపు పడతాదో అంతసేపు పట్టె. ఆమీద పైపు మోగె. టంగ్.

నేను కొట్టినాను. ఇద్దరమూ ఒత్తినాము. ఆ దినం నీళ్లు బాగా వచ్చె.

సంగతి ఆడితో అయిపాయె అనుకున్నాను. నల్లమ్మకు చెప్పలేదు. చెప్పేది ఏముండాది. కాయ ఊరింది, పైరు పీకి కొత్త కాయ ఒలుస్తాంటే గంగమ్మ గుడికాడికి రమ్మని పిలుపు వచ్చె. పిలిపించింది బొమ్మన్న. ఊరి పెద్ద నారప్ప అరుగు మీద కూర్చోని ఉండాడు. జనం ఉండారు. నల్లమ్మ కూడా వచ్చి ఆడోళ్ల ఎనక నిలబడె.

బొమ్మన్న మెడ చుట్టూ కొత్త టవాలు బిగిచ్చి కట్టుకోనుండాడు. నన్ను చూడకుండా నారప్పతో అన్నాడు:

"దీపం ఆర్పినోడు మాట తప్పినాడు. నన్ను పేరు పెట్టి పిలిచినాడు. నా షెడ్డు ముందర. వచ్చి దీపం ముట్టించమను."

జనంలో ఎవరో నవ్వినారు.

"ఎందుకు పిలిచినాడప్పా?" అన్నాడు నారప్ప.

"ఎందుకైతే ఏమి? పిలిచినాడా లేదా, అది అడుగు."

"పిలిచినావా మారెప్పా?"

"పిలిచినా."

"ఎందుకు పిలిచినావు?"

నేను బొమ్మన్న పక్క చూసినాను. ఆయప్ప చెప్పల్ల ఆ మాట. నేను చెప్తే అడుక్కున్నట్టు. ఆయప్ప గుడి గోడను చూస్తాన్యాడు. నేను చెప్పలేదు.

ఆడోళ్ల ఎనకనుంచి నల్లమ్మ ముందుకు వచ్చె. ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆమెకు చెప్పలేదు. వాళ్లన్న మెడనే చూస్తాంది.

"అన్నా," అనె. "ఆ టవాలు తీయి."

బొమ్మన్న తీయలేదు.

"ఎండ కాస్తాంది. చెమట పడతాంది నీకు. తీయి."

ఆయప్ప టవాలు రెండు కొసలూ గట్టిగా పట్టుకున్నాడు. పిల్లోని చేతిలో బెల్లం గడ్డ గుంజుకుంటారేమో అన్నట్టు పట్టుకున్నాడు. నల్లమ్మ అట్లే చూసింది. ఇంక అడగలేదు. ఎనక్కు తిరిగి, జనం దారి ఇస్తే, ఇంటి పక్క పాయె.

నేను దీపం ముట్టించినాను. మా చేన్లో పీకిన కొత్త కాయ గానుగ ఆడించిన నూనెతోనే. గాలికి అగ్గిపుల్ల రెండుసార్లు ఆరె. జనం మళ్లా నవ్వినారు. మూడోసారి అంటుకుంది. అమ్మ ముందర ఒక దీపం ఎలగతాంది, ఒకటి ఆరిపోయి ఉండాది.

మర్నాడు పొద్దున నల్లమ్మ సంగటి గెలికింది. నాకు పెట్టింది, తాను తినింది, కుక్కకు ఏసింది. ఆకు తేలేదు. ముద్ద చుట్టలేదు. మరుసటి దినమూ తేలేదు.

కాయలు ఒలిచే కాలం అది. చేన్లో కుప్ప కాడ కూర్చోని ఒలుస్తాంటే గెనిమ ఆ పక్కకు ఎద్దును తోలుకొని వచ్చి నిలబడేవాడు బొమ్మన్న.

"ఎద్దా," అనేవాడు. "ఇయ్యాల కూడా సంగటి రాలేదు గదప్పా."

నల్లమ్మ ఒలుస్తానే ఉండేది.

"మనింటి ఆడబిడ్డ మనల్ని మరిచిపాయె ఎద్దా. ఏమి తప్పు చేసినామో చెప్పొచ్చు గదా."

కాయలు గంపలో పడతా ఉండేవి. నల్లమ్మ ఏ గుడికాడా ఏ దీపమూ ఆర్పలేదు. అయినా ఆయప్ప చచ్చేదాకా ఆయప్పతో మాట్లాడలేదు.

ఆమె గెనిమ దాటగూడదని నేను ఎన్నేండ్లో పోట్లాడినాను. ఇంక దాటలేదు. నా ఇంటి కూడు నా ఇంట్లోనే ఉండె. ఒకదినం నేనే ఒక ముద్ద ఆకులో చుట్టి తీసుకపోయి గెనిమ మీద పెట్టి వచ్చినాను. ఆయప్ప చూసినాడు. ముట్టలేదు. సాయంత్రం దాకా ఆడనే ఉండె. కాకులు తినినాయి.

ఆమీద జల ఇంకా కిందికి పాయె. రెండు మిషన్ల గాలికీ అందలేదు. పైపులు పంచుకునేదానికి పోలేదు నేను. బోర్లోనే ఉండిపాయె, ఆయప్పవీ నావీ ఒకదానికొకటి బిగిచ్చినవి అట్లే. మిషన్లు పాత ఇనుముకు పాయె. ఎద్దు చచ్చె, కుక్క చచ్చె. అవి చచ్చినాక మా ఇద్దరికీ తిట్టుకునేదానికి కూడా దారి లేకపాయె. ఇప్పుడు ఆ చేండ్ల మీద సోలారు పలకలు పరిచినారు. గెనిమ యాడుండెనో నేను చూపిస్తే తప్ప ఎవరికీ తెలీదు.

బొమ్మన్న పోయిన యేడు చచ్చిపాయె. కబురు వచ్చినప్పుడు నల్లమ్మ వాకిట్లో కూర్చోని బియ్యంలో రాళ్లు ఏరతాంది. చేట దించలేదు.

"రావా?" అన్నాను.

తల ఊపింది, రానని.

పోయినాను. పిడికెడు మన్ను ఏసినాను. వచ్చినాను. కాళ్లు కడుక్కుంటాంటే ఆమె లోపలికి పోయి, పెట్టె అడుగునుంచి గుడ్డ మూట తెచ్చి ఇప్పింది. కొళాయి పిడులు రెండు. తుప్పు పట్టినాయి. ఏది ఎవరిదో నాకు తెలీదు. ఆమెకు తెలుసు. ఒకటి తీసి నా చేతిలో పెట్టె.

"ఇది మా అన్నది," అనె. "ఇచ్చి రా."

మళ్లా పోయినాను. అప్పటికి అందరూ ఎళ్లిపోయినారు. మన్ను ఇంకా పచ్చిగా ఉండాది. తల పక్క ఎటో చూసుకొని, పిడిని మన్నులోకి ఒత్తినాను.

"బొమ్మన్నా," అన్నాను.

దీపం ఆర్పినాక రెండోసారి పిలిచేది అది, నా జన్మకు. కొంచెం సేపు నిలబడినాను. ఆ పొద్దూ పలకలేదు.